ముత్తాత చేతిలో గిన్నె

మా వంశంలో డిగ్రీ చదివిన తొలి వ్యక్తిని నేను. ఎడిన్‌బర్గ్‌లో నర్సు ఉద్యోగానికి బయలుదేరుతుంటే నాన్న ఒక్కటే కోరారు.

"మనకీ 'గంజి' అన్న ఇంటిపేరు ఎలా వచ్చిందో మా తాతను సాకిన ఆ ఊరి మిషను దొరల కాగితాల్లో చూడమ్మా. బళ్లో 'ఒరే గంజిగా' అని ఎంత ఏడిపించేవోళ్లో! ఏదో పెద్ద పేరే ఇలా మారిపోయుంటదని నా ఆశ."

ఒక సెలవు రోజున, పూర్వపు మిషనరీల కాగితాలు భద్రపరిచిన గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ కరువునాటి ఫొటో ఒకటి దొరికింది. ఎముకలు తేలిన పిల్లవాడు, చేతిలో గిన్నె. వెనుక మా ముత్తాత పేరు, మా ఊరి పేరు, కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు: "తల్లిదండ్రులు లేరు, ఇంటిపేరు తెలియదు. గంజి పోసే పందిరి దగ్గర దొరికినందున 'గంజి' అని రాసుకున్నాము."

అందరూ మౌనంగా చదువుకుంటున్న ఆ గదిలో నేను బిగ్గరగా ఏడ్చేశాను.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"గిన్నెలో గంజి ఉందా తల్లీ?"

"ఉంది నాన్నా, నిండుగా ఉంది."

"పోన్లే, తాగాడు" అన్నారు.

ఫొటోలోని గిన్నె ఖాళీగా ఉంది. నాన్నతో నేనాడిన అబద్ధం అదొక్కటే. ఆయన పోయాక కూడా దానిని సరిదిద్దుకోవాలని నాకు అనిపించలేదు.