సదాశివకు రాసిన ఉత్తరాలు

అబిడ్స్ తార్ ఆఫీసులో ఇంద్రసేనకు మంచి పేరుండేది. టెలిగ్రాఫ్ యంత్రం టకటకలు వింటూనే తంతి రాసేసేవాడు. ఇంట్లో చూస్తే చెల్లెలు పద్మకు పుట్టుకతోనే వినపడదు. పదేళ్లొచ్చినా నోట మాట లేదు. అలాంటి పిల్లలకు పెదవుల కదలిక చూపించి మాట నేర్పే చదువు ఇంగ్లండులో ఉందని ఒక పత్రికలో చదివిన నాటినుంచి అతనికి కుదురు లేకుండా పోయింది. రెండేళ్లు అర్జీలు పెట్టి, పై చదువుకు సర్కారు ఇచ్చే వజీఫా సంపాదించాడు. ఇరవై తొమ్మిదో ఏట నౌకరీ వదిలేశాడు.

1936లో నాంపల్లి స్టేషన్‌లో అతణ్ణి బండెక్కించడానికి తల్లి లక్ష్మీనర్సమ్మ, పద్మ, సదాశివ వచ్చారు. సదాశివ పక్కింటి స్నేహితుడు, బడిపంతులు. తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి బడి పెట్టాలని మాట.

"నువ్వు నేర్చింది నేర్చినట్టు నాకు రాయి. గీడ పద్మకు నేను చెప్తుంట. నువ్వొచ్చేదాంక పిల్ల ఊకె కూసునుడెందుకు?" అన్నాడు సదాశివ.

మాంచెస్టర్‌లో మొదటి చలికాలం గడవడమే కష్టమైంది. తనకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని చదవాలి. తార్ ఆఫీసులో అందరికంటే చురుకైన చెవి అక్కడి ఇంగ్లీషు యాసకు తడబడేది. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చెప్పించుకునేవాడు. ఆ పుస్తకాల్లో మన ణ, ళ లేనే లేవు. గదిలో అద్దం ముందు నోరు తెరిచి, నాలుక ఎక్కడ వెనక్కి మడతపడుతోందో చూసి బొమ్మ గీసేవాడు. 'బ'కు పిల్ల చేతిని గొంతు మీద ఎలా ఆనించాలో, 'మ'కు ముక్కు మీద వేలు ఎక్కడ పెట్టించాలో వివరంగా రాసి ప్రతి వారం సదాశివకు పంపేవాడు.

తల్లికి రాయడం రాదు. ఆమె ఉత్తరాలూ సదాశివే రాసేవాడు. "అందరం క్షేమం. పద్మ బాగా నేర్చుకుంటున్నది."

1938 వానాకాలంలో తిరిగొచ్చాడు. ప్లాట్‌ఫారం మీద పద్మ అతని మొహంలోకి చూస్తూ, గొంతు బిగబట్టి, "అన్నా" అంది. ఇంద్రసేన ట్రంకుపెట్టె మీద కూలబడి ఏడ్చేశాడు. సదాశివ రాలేదేమని అడిగితే, బడి ఉందన్నది తల్లి.

మర్నాడు పొద్దున్నే పద్మ జడ వేసుకుని పలక పట్టుకుంది.

"యాడికమ్మా ఇది?"

"సదాశివ పెట్టిన బడికి. ఏడాది దాటె గద బిడ్డా! నీకు రాయమన్న. రాసిన అన్నడు."

ఇంద్రసేన చెల్లెలి వెంట నడిచాడు. స్టేషన్ వెనక కిరాయి ఇంటికి బోర్డు ఉంది: మూగ చెవిటి పిల్లల బడి, స్థాపకుడు సదాశివ. లోపల ఎనిమిది మంది పిల్లలు. బల్ల మీద అచ్చయిన చిన్న పుస్తకం. దాని మీదా అదే పేరు. తెరిస్తే 'ళ' బొమ్మ కనిపించింది. బొమ్మలో ముందు పన్ను కాస్త విరిగి ఉంది. ఆ పన్ను ఇంద్రసేనది.

"నా పేరు ఒక్క మూలన్న లేదేందిరా?"

సదాశివ కుర్చీ జరిపాడు. "నువ్వొస్తవో, గాడనే ఉంటవో ఎవరికెరుక? ఇద్దరి పేర్లు పెడితే బడికి సర్కారు పైసలు మంజూరు కావేమోనని భయపడ్డ. ఫికర్ చెయ్యకు. అసిస్టెంట్ మాస్టర్ జాగ నీకోసమే అడిగిపెట్టిన."

"నా ఉత్తరాలు చూపించే గద మంజూరు తెచ్చుకున్నవ్?"

"ఔ. పిల్లలకు చెప్పింది మాత్రం నేనే గద!"

అది అబద్ధం కాదు. ఇంద్రసేన పుస్తకం బల్ల మీద పడేశాడు. పద్మ చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. గడప దగ్గర ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని, "బడి" అంది, స్పష్టంగా. వెనక్కి వెళ్లి తన పీట మీద కూర్చుంది. సదాశివ చేసినదానికంటే అది ఎక్కువ గుచ్చుకుంది.

కోర్టుకు పొమ్మన్నారు కొందరు. ఆ ఎనిమిది మంది పిల్లలు గుర్తొచ్చి పోలేదు. అసిస్టెంట్ జాగా తీసుకోలేదు. వజీఫా షరతు ప్రకారం సర్కారు కొలువు చెయ్యాలి గనక, అబిడ్స్‌లో ఒక మామూలు బడిలో లెక్కలు చెప్పాడు. మొజంజాహీ మార్కెట్‌లో జామపండ్లమ్మే జంగమ్మ కూతురు యాదవ్వకూ మాట లేదని 1943లో తెలిసింది. పొద్దున బేరాలు మొదలయ్యేలోపు మార్కెట్ మెట్ల మీద ఆ పిల్లకు పాఠం చెప్పేవాడు. మూడేళ్లకు యాదవ్వ "జామ" అని కేకేయగలిగింది. కొనేవాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు.

ఆలోగా పద్మ సదాశివ బడిలోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఒక రోజు అబిడ్స్‌లో సదాశివ సైకిల్ దిగి, "ఇంద్రా, జర ఒక్క మాట" అన్నాడు. ఇంద్రసేన వినపడనట్టే రోడ్డు దాటి వెళ్లిపోయాడు. అతనితో మాట్లాడమని పద్మ ఇంట్లో ఎన్నోసార్లు బతిమాలింది. ఇంద్రసేన ఆమె వైపు తిరిగి, పెదవులు కనపడేలా నిదానంగా చెప్పేవాడు.

"బడికి పో. ఆలస్యమైతది."