పొట్టి సొర పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను షెడ్డులో లారీ చక్రం విప్పుతున్నాను. చేసింది ఆమె కోడలు, నాకు వదిన వరస. "పొద్దుగాల చాయ్ తాగింది తమ్మీ. పెరట్ల కూసుంది. గట్లనే ఒరిగింది" అన్నది. సూపర్‌వైజర్‌ను అడిగితే, "పక్కింటామె కదా, షిఫ్ట్ అయినంక పో" అన్నాడు. ఆబ్సెంట్ రాసుకొమ్మని చెప్పి బండి తీశాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా రెండిళ్ల మధ్య ఉన్నది ఒక్క ముళ్లకంప దడి. ఆమెను దేవతను చేసి రాయడం నాకు చేతకాదు. నోరు గట్టిది. కూరలో ఉప్పెక్కువైతే కోడలికి కాదు, వాడకంతా వినపడేలా చెప్పేది. కానీ మా పినపాక దిక్కున చలి వెనకబట్టే రోజుల్లో ఇంటి పెరట్లో ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే. మీకు చెప్పదలచుకున్నది అదే.

మొదటి ఏడు తొందరపడి అడిగాను, "పెద్దమ్మా, గింజలు పెడదామా?" అని.

"కిటికీల నూనె సీస చూడు."

కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి ఉంది.

"మరి? నువ్వే దుప్పటి కప్పుకొని ఒణుకుతున్నవ్. గింజను సల్లటి మట్టిల పండవెడితే లేస్తదా?"

పొద్దున సీసాలో నూనె కరిగి కనపడేదాకా ఆగేది. ఆలోగా గుంతలు కావాలి. పనికాడ గొడవపడి వచ్చిన రోజు నా మొహం చూసి గడ్డపార చేతిలో పెట్టేది. "గా కోపమంత ఈడ దించు" అనేది. నేను తవ్వుతూనే ఉంటే, "ఇగ చాలు తియ్యి, బాయి తవ్వుతున్నవా?" అనేది. కోపం తగ్గేదా అంటే తగ్గేది కాదు. గుంత మాత్రం అయ్యేది. దాన్ని కొన్నాళ్లు ఎండకు వదిలేసి, తర్వాత మాగిన పెంట, పొయ్యి బూడిద కలిపి నింపేది. దడి పొడుగునా సొర, బీర, కాకర. ఎండ బాగా తగిలేచోట బెండ, గోరుచిక్కుడు. గిన్నెలు తోమే నీళ్లు పారేచోట తోటకూర. ఎండాకాలం బోరు సన్నబడినా ఇంట్లో వాడిన నీళ్లతో బతికేవే పెట్టేది.

అన్నిటిలోకీ ఆమె ప్రాణం పొట్టి సొర. మెడ సన్నం, పొట్ట గుండ్రం. నడి ఎండలో కూడా పిందె రాలదు. మొదటి కాయకు ఎర్ర చీర పేలిక కట్టేది. అది విత్తనం కాయ, ఎవరూ ముట్టొద్దు. ఒకసారి పండక్కి వచ్చిన అల్లుడు దాని మీద చెయ్యి వేస్తే, "అల్లునికి కోడిని కోస్త గని, గీ కాయ కొయ్య" అన్నది. అల్లుడు ఆ పూట అలిగాడు. కోడికూర వండాక అలక దిగింది.

ఎండిన గింజలను బూడిదలో కలిపి ఒక గురిగిలో, చిన్న మట్టికుండలో పోసి ఉట్టి మీద పెట్టేది. ఎవరడిగినా ఇచ్చేది, ఒక్కటే షరతు: "కాసినంక మొదటి కాయ గింజలల్ల సగం నాకు తెచ్చియ్యాలె." ఎందుకంత పట్టింపని అడిగాను. ఆమె పుట్టిల్లు భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున. వరదకు ఇల్లు మునిగి గింజలన్నీ కుళ్లితే, ఎప్పుడో వేరే ఊరికి ఇచ్చినవే తిరిగొచ్చాయట. "నా ఇంట్ల పోతే ఇంకోలింట్ల ఉండాలె గదరా" అన్నది.

ఇప్పుడు ఆమె ఇంట్లోనే గింజ పోయింది. మా దగ్గర చావు జరిగిన ఇంట్లో పాత కుండలు ఉంచరు. కడిగి, సున్నం వేసి, మట్టివన్నీ వాగు ఒడ్డున పగలగొడతారు. పెద్దకర్మ పొద్దున ఆ కిటికీ దగ్గర సీసా చూశాను. నూనె కరిగింది. ఉట్టి ఖాళీగా ఉంది.

"వదినా, గింజల గురిగి ఏది?"

"పాత కుండలన్ని పారెయ్యాలె అన్నరు తమ్మీ. లోపట చూడలే."

వాగుకు పరిగెత్తాను. పెంకులున్నాయి, బూడిద కూడా లేదు. నా పెరట్లోకి పాకేదీ ఆమె తీగే కాబట్టి నేనెన్నడూ గింజలు దాచుకోలేదు. భోజనాల దగ్గర ఒక చుట్టం, "దుకాన్ల ప్యాకెట్లు దొరకవా ఏంది?" అన్నాడు. "పచ్చడి గూడ సీసల దొరుకుతది. రేపట్నించి మీ ఇంట్ల పెట్టుడు బంద్ చెయ్యి" అన్నాను. ఆకు ముందునుంచి లేవబోయాడు. ఎవరో కూర్చోబెట్టారు.

రెండు రోజులు పోయాక వదిన దడి దగ్గరకు వచ్చి, "మన వాడకు వచ్చే చీపుర్లామెకు నిరుడు అత్తమ్మ గింజలిచ్చింది. తోల్కపోతవా?" అన్నది.

అడవిలో కోయగూడెం. చీపుర్లు అమ్మే ఆమె వాకిట్లో గడ్డి దులుపుతూ ఉంది. పెద్దమ్మ పోయిందని చెప్పగానే చేతిలో కట్ట వదిలి కూర్చుండిపోయింది. తర్వాత లేచి, లోపలున్న కూతురితో తన భాషలో ఏదో అన్నది. ఆ పిల్ల ఎండిన సొరకాయ తెచ్చింది. పొట్టిది. ఊపితే గలగలమన్నది.

"మొదటి కాయనే. చీపుర్లు కోసుడు అయినంక నేనే తెద్దామనుకున్న" అన్నది చీపుర్లామె. కాయ పగలగొట్టి సగం గింజలు వదిన కొంగులో పోసింది. పోస్తూ, "మల్ల కాసినంక సగం నాకు తెచ్చియ్యి" అన్నది.

"తెస్త" అన్నది వదిన.

ఇంటికొచ్చి పెద్దమ్మ పెరట్లో గడ్డపార తీశాను. ఎంతసేపు తవ్వానో తెలియదు. వెనక నుంచి వదిన, "ఇగ చాలు తమ్మీ, బాయి తవ్వుతున్నవా?" అన్నది. తను అన్న మాట తనకే వినపడినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గడ్డపార పక్కన పెట్టాను.

సొర మొలక లేచేటప్పుడు గింజ తోలు దాని నెత్తిన టోపీలా ఉండిపోతుంది. చూస్తే తీసెయ్యాలనిపిస్తుంది. ఒకసారి నేను వేలు పెడితే పెద్దమ్మ ఆ చేతి మీద కొట్టింది. "గుంజకు, ఆకు చినుగుతది. దాని టోపీ అదే తీస్తది."

ఈ పొద్దున షిఫ్టుకు పోతూ దడి మీదుగా చూశాను. మూడు మొలకలు ఆకులు విప్పుకున్నాయి. నాలుగోది ఇంకా మెడ వంచుకుని ఉంది, రెండు ఆకుల కొనలూ అతుక్కుని, నెత్తిన ఆ తోలుతో. వదిన దాని ముందు గొంతుక్కూర్చుని ఉంది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.