తర్లగూడ రేవులో నా ముడి

ఈ ఉదయం తర్లగూడ రేవులో పడవ నడిపే లచ్చక్క తాడు నా చేతికిచ్చి గుంజకు కట్టమంది. సంస్థానం బడి పంతుల్ని కదా, పడవ ముడి తెలియక ఒకదానిమీద ఒకటి నాలుగు ముళ్లు బిగించాను. అంతలో వరదకు కొట్టుకొస్తున్న టేకు దుంగ కనిపించింది. పడవలో ఇంకా ఒక ముసలావిడ ఉంది. పడవను పక్కకు తప్పిద్దామంటే నా ముడి ఊడదు. లచ్చక్క కత్తితో తాడు కోసి, పడవను తోసేసింది. దుంగ జానెడు దూరంలో పోయింది.

"ఏందిది పంతులూ? ముడి గట్టిగుంటే సాలదు, అక్కరకు ఊడాలె."

సిగ్గుపడుతూనే ఆమె దగ్గర కూర్చుని, కొస లాగితే ఊడే ముడి నేర్చుకున్నాను. సాయంత్రం నేను కట్టిన పడవను ఆమె బలంకొద్దీ లాగింది, ముడి చెక్కుచెదరలేదు. కొస పట్టుకుని లాగాను, చటుక్కున ఊడింది.

"ఇగ నువ్వే కట్టు," అంది.

రేపు బడిలో మొదటి పాఠం ఇదే. పుస్తకంలో లేదంటారా? ఏటి ఒడ్డు పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే పాఠం ఉంటే చెప్పండి, అదీ నేర్పుతాను.