వదిన ఇచ్చిన తెల్ల డబ్బా

ఆ ఆదివారం జమ్మలమడుగు చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు. పక్కన కూర్చున్న వదిన ముఖాన్నే చూస్తున్నాను. ఆమె మా అన్న భార్య, నాకంటే పెద్దది. ఆమె కళ్ళ కింది గీతలు నాకు బాగా తెలుసు. ఇప్పుడవి లేవు. చెంపలు ఇస్త్రీ చేసినట్టు నున్నగా, కాస్త ఎర్రగా మెరుస్తున్నాయి.

ఆశీర్వచనం కాగానే అడిగేశాను. “ఏంది వదినా, వయసు ఎనక్కి పోతాండాదే?”

“చూస్తానే ఉండా మే. వాక్యం ఇడిసిపెట్టి నా మొగం చదువుతాండావు,” అని నవ్వి, సంచిలోంచి చిన్న తెల్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. “ప్రొద్దుటూరులో ఒకాయమ్మ ఇంట్లోనే కలిపి ఇస్తాంది. వారంలో తెలుస్తాది. మచ్చ గానీ ముడత గానీ లేని సంఘం కావాలని అయ్యగారు ప్రసంగంలో చెప్తానే ఉండారు గదా, నేను మొదలుపెట్టినా!”

డబ్బా మీద పేరు లేదు, తేదీ లేదు, లోపల ఏముందో రాయలేదు.

నాకు యాభై దాటింది. బయటి అలంకారం కన్నా లోపలి మనసు ముఖ్యమని ఆదివారం బడిలో పిల్లలకు నేనే నేర్పుతాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, నోటి పక్క గీతను వేలితో లాగి చూసుకుంటాను. ఆ నమ్మకమూ నిజమే, ఆ వేలూ నాదే. డబ్బాను అలమరలో పెట్టాను. కుటుంబ ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా అలమరే కనిపించింది. తెరిచి వాసన చూశాను. మూత పెట్టాను. మళ్ళీ తెరిచాను. పూసుకోలేను, పారేయలేను.

బంధువుల పెళ్ళికి పులివెందుల వెళ్ళినప్పుడు డబ్బాను సంచిలో వేసుకుని, అక్కడి చర్మవ్యాధుల డాక్టరమ్మకు చూపించాను.

“లోపల ఏముందో పరీక్ష చేయకుండా చెప్పలేనమ్మా. కానీ ఇట్లా పేరు లేకుండా, వారంలో నున్నగా చేసేవాటిల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. మొదట్లో బాగుంటుంది. పోనుపోను చర్మం పలచబడుతుంది, మానేస్తే మంట. ఎవరన్నా వాడుతుంటే నా దగ్గరికి తీసుకురండి.”

“మరి ఈ గీతలు పోయేదానికి ఏం పూయాల?” అని అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె నవ్వింది. “పూర్తిగా పోవు, తగ్గుతాయి. అదీ నెలలు పడుతుంది. ముందు మన ఎండకు అడ్డం పడే క్రీము పగలు వాడండి. రాత్రికి ఇది రాస్తున్నాను, కొంచెమే, రోజు మార్చి రోజు. ముఖానికి ముందు మోచేతి మడతలో కొద్దిరోజులు పూసి చూడండి. దురద, ఎరుపు వస్తే వద్దు.”

వదినకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చర్చిలో స్త్రీల సమాజం కూడిన రోజున ఆమె బరువైన సంచితో వచ్చింది. సంచి నిండా తెల్ల డబ్బాలే. పాటలయ్యాక సాక్ష్యం చెప్పడానికి లేచింది. “దేవుడు నాకు చేసిన మేలు మీ అందరికీ కావాలని...” అని మొదలుపెట్టింది.

మా సమాజంలో ఒకరు సాక్ష్యం చెప్తే మిగతావాళ్ళు స్తోత్రం అంటాం. ఎదురు ప్రశ్న వేయం. జ్వరం తగ్గినా, పిల్లలు పరీక్ష పాసైనా అంతే. ఆ అలవాటు కొద్దీ ఆ రోజూ స్తోత్రం అన్నారు. చేతులు సంచి వైపు చాచారు. నేను లేచాను.

“అక్కలారా, ఆగండి. అది సాక్ష్యంతో తేలేది కాదు,” అని డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

“దేవుని మేలు చెప్తాంటే అడ్డం వస్తావా?” వదిన నా వైపు తిరిగింది. “నా మొగం బాగైతే ఓర్వలేకపోతాండావా?”

ముందు వరుసలోని పెద్దామె తీసుకున్న డబ్బాను మెల్లగా తిరిగి సంచిలో పెట్టింది. తర్వాత ఇంకొకరు. ముగింపు ప్రార్థన ఎవరు చేశారో నాకు గుర్తులేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే వదిన నా వెనక వచ్చి నిలబడింది.

“ఒక పూట పూయకపోతే మంటెత్తుతాది మే. కారం పూసినట్టు. మీ అన్నకు గూడా చెప్పలా,” అంది. “ఆ డాక్టరమ్మ యాడుంటాది?”

మరునాడు పొద్దున్నే పులివెందుల బస్సెక్కాం. వదిన ఎండ పడని వైపు సీటు చూసి కూర్చుని, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“స్తోత్రం అని అందరితో అనిపిస్తి గదా. ఇప్పుడు దేవునికి ఏమని చెప్పుకోవాల?”

డాక్టరమ్మ రాసిన క్రీము పూసిన మోచేతి మడతలో దురదగా ఉందో, నా అనుమానమో తెలియక మాటిమాటికీ అక్కడే తడుముకుంటున్నాను. వదిన నా చెయ్యి లాగి, కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది.

“ఎర్రగా ఏం లేదులే. ఊరికే గోకాకు,” అంది.