నేను ఆపిన ఆరు పోర్టులు

నా మానిటర్ మీద ఆరు ఆకుపచ్చ దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. వెంటనే పరీక్ష గదిలోంచి ఎవరో అమ్మాయి కేక: "మేడమ్, స్క్రీన్ ఆగిపోయింది!" ఏం చేశానో ఆ క్షణమే తెలిసిపోయింది. ఆ తెలిసినదాన్నే ఐదేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పట్లో విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో నేను కాంట్రాక్టు ఉద్యోగిని. కంప్యూటర్ల కేబుళ్లన్నీ నా వెనక బీరువాలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌కి చేరేవి. కేబుళ్లు గుచ్చే దాని పోర్టుల్లో ఏది పనిచేయాలో, ఏది ఆగాలో నా సీట్లోంచే సెట్ చేసేదాన్ని. కేబుళ్లు లాగి కనెక్టర్లు బిగించేది అప్పన్న. సముద్రపొడ్డున వలలల్లే ఇంటివాడు. నంబరు చీటీలు ఊడిపోతున్నాయని కేబుళ్లకు వలదారం కట్టేవాడు. పెద్ద ముడి పది, చిన్న ముడి ఒకటి. ఒక పెద్దది, మూడు చిన్నవి ఉంటే పదమూడో పోర్టు. మిగిలిన దారంతో మా పాప నీళ్ల సీసాకి వలసంచి కూడా అల్లిచ్చాడు.

వేసవిలో కేబుళ్లను వేరే పోర్టులకు మార్చినప్పుడే చెప్పాడు. "మీ పాత కాయితం నమ్మీకండి మేడమ్. ముడులు లెక్కెట్టుకోండి."

"ఇదేటి, చేపల వలనుకున్నావా అప్పన్నా?"

"వలైతే సేపలైనా పడును. ఇందులో ఏటి పడతాది?" అని నవ్వాడు.

ఆన్‌లైన్ పరీక్షకు ముందు, వాడని పోర్టులన్నీ ఆపెయ్యాలి. పాపకి జ్వరమని ముందురోజు తొందరగా వెళ్లిపోయాను. పరీక్ష మొదలయ్యాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే ముడులు కనిపించేవి. తిరగలేదు. ఏ పోర్టులు ఖాళీయో ఎప్పుడో రాసుకున్న పాత కాగితం చూసి పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఆపేశాను.

ల్యాబ్ పెద్దసారు వచ్చి, కేబుళ్లు సరిగా బిగించలేదని అప్పన్న మీద అరిచారు. అతను కంగారుగా కనెక్టర్లు కోసి మళ్లీ బిగించసాగాడు. ఒక్కొక్కటి బిగించగానే నేను ఒక్కో పోర్టు తెరిచాను. చప్పుడు చేయకుండా. చూసేవాళ్లకు పాడైంది అతని పనే.

సాయంత్రానికి అతన్ని తీసేశారు. వెళ్తూ అడిగాడు. "కంప్యూటర్లో ఏటైనా కనబడ్డాదా మేడమ్?"

"ఏమీ లేదు అప్పన్నా."

తన వేళ్లకేసి చూసుకున్నాడు. "అయితే నా సెయ్యే సెడ్డాది."

చేసిన ప్రతి మార్పునూ స్విచ్ తనలో రాసుకుంటుంది. అతను గేటు దాటాక దాన్ని ఆపి మళ్లీ వేశాను. ఆ రాత చెరిగిపోయింది.

భయమా? భయమే అనుకుందాం. కానీ భయపడ్డవాళ్లు నోరు మూసుకుంటారు. బిగించిన చేతికి సరిగ్గా జతగా ఒక్కో పోర్టూ తెరుస్తూ కూర్చోరు. పని పోవడం ఒకటి, తన చేతిమీద తనకే నమ్మకం పోవడం ఒకటి. రెండోది నేనే చేశాను. ఇది రాశాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. అలా ఆడటం కూడా తప్పేమో.

ఇంతవరకు రాత్రి రాశాను. పొద్దున పాప బడికి సీసా సర్దుకుంటుంటే తననీ, బాబునీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ వలసంచి సంతలో కొన్నానని వాళ్లకి ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను.

"ఇది అల్లినాయన పని నా తప్పు వల్ల పోయింది. తప్పు తనదే అనుకుని వెళ్లిపోయాడు."

పాప సంచి ముడులు తడుముతూ అడిగింది. "మరి నీదేనని ఆయనకి సెప్పావా అమ్మా?"

"లేదమ్మా" అన్నాను. "ఇంకా చెప్పలేదు."