కుడితి తొట్టి ఉన్నచోట కక్కసు

ఇంట్లో కక్కసు ఉందంటే చాలు, పెళ్ళికొడుకు విలువ ఓ మెట్టు పైకెక్కే కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనీ! తడి టిష్యూలన్నీ బేసిన్లో పడేసి, నీళ్ళు పొంగగానే ఫోను పట్టుకుని దిక్కులు చూసేవాళ్ళకు మా అగచాట్లు ఏం తెలుసు?

పాకాలలో మాది పెంకుటిల్లు. పుత్తూరు నుంచి నాకొక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి ఒక్కటే షరతు పెట్టాడు: "మా పాప చెంబు పట్టుకోని బయటికి పొయ్యేది లేదు." మా నాయన వెంటనే ఎనుమును, అదే గేదెను, అమ్మేసి, పెరట్లో దాన్ని కట్టేసే చోటే, కుడితి తొట్టి పగలగొట్టించి మరీ, తెల్లటి పింగాణీ బేసిన్‌తో కక్కసు కట్టించాడు. నేనేమో అప్పటికే పిల్లను చూసి వచ్చి, అన్నం రుచి మరిచిపోయి ఉన్నాను. వాళ్ళొచ్చి ఇల్లు చూసిపోతే ముహూర్తమే.

వాళ్ళొచ్చే రోజు పొద్దున బేసిన్లో బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. పోయినట్టే పోయి, అంచుదాకా లేచి నిలబడ్డాయి. (బడి మానేసినా గ్రంథాలయంలో కూర్చుని లోకజ్ఞానమంతా సంపాదించానని నాకు గర్వం. ఒక్క పుస్తకమైనా దీని సంగతి చెప్పలేదు. ఆ రాసినవాళ్ళెవరికీ కడుపు లేదు కాబోలు!)

మా అవ్వను అడిగితే తొణకలేదు. "మిగిలిపోయిన సంగటి, వంకాయ తొడిమెలు, బియ్యం కడిగిన నీళ్ళు పోసినా. ఆడ ఎప్పుడూ పోసేదే కదరా."

"అది తొట్టి కాదవ్వా! ఎనుము యాడుండాది?"

"ఇంకోటి తెస్తారనుకొంటి. లేకుంటే అంత తెల్లటి తొట్టి యెందుకు కట్టిస్తాడు మీ నాయన?"

రాగి సంగటి గొంతులో జారినంత సులువుగా గొట్టంలో జారదు. కర్రకు గోనెపట్ట చుట్టి, లుంగీ ఎగ్గట్టి పొడవడం మొదలుపెట్టాను. పొడిచేకొద్దీ బిగుసుకుంది. మోకాళ్ళదాకా తడిసిపోయి ఉండగా వాకిట్లోంచి కాబోయే అల్లుణ్ణి వెతుకుతూ పిల్ల తండ్రి గొంతు: "మాపిళ్ళ యాడప్పా?"

"కక్కసు కాడ ఉండాడు" అన్నాడు మా నాయన. (అబద్ధమాడ్డం ఆయనకు జన్మలో రాలేదు.)

అంతే, అందరూ పెరట్లోకి వచ్చేశారు. నా పెళ్ళి ఆ గొట్టంలోనే ఇరుక్కుపోయిందనుకున్నాను. పిల్ల తండ్రి బేసిన్ వంకా నా వంకా చూసి, పంచె పైకి దోపాడు.

"ఏమప్పా, పంది మీదికి పోయినట్టు పొడస్తా ఉండావు! మెల్లిగా అదిమి, గబుక్కున ఎనక్కి లాగు. లాగితేనే వస్తాది."

లాగాను. మళ్ళీ అదిమి లాగాను. కక్కసు గుడగుడమని పెద్దగా త్రేన్చి, నీళ్ళన్నిటినీ మింగేసింది. మా నాయన చప్పట్లు కొట్టాడు. "మంచి సంగటి, మట్టిపాలాయె" అని అవ్వ నిట్టూర్చింది.

పిల్ల తండ్రి చేతులు కడుక్కుంటూ అన్నాడు: "మా ఇంటి కక్కసులో మా అమ్మ టెంకాయ పీచు యేసింది లేప్పా. ఆ పొద్దు నేర్చుకున్న్యా. పిల్లనిస్తాం గానీ, ముందు మీ అవ్వకొక ఎనుమును కొనియ్యండి."

కొన్నాం. అవతలి మూలన కొత్త తొట్టి లేచాకే పెళ్ళి జరిగింది.

ఆ అవ్వా లేదు, ఆ ఎనుమూ లేదు. ఇప్పుడు బాత్రూములో టిష్యూలకు బుట్ట పెట్టించి, మనవళ్ళ మీద అరుస్తూ నేనే కాపలా కాస్తుంటాను. "అచ్చం మా నాయనే దిగినాడు" అని మా ఆవిడ వాళ్ళ నాయనను తలుచుకుని నవ్వుతుంది. మధ్యాహ్నం మిగిలిన సంగటి గిన్నెను మాత్రం నా చేతికే ఇస్తుంది. వీధి ఆవుల కోసం అవతలి మూల తొట్టిలో పోద్దామని అది పట్టుకుని పెరట్లోకి నడుస్తానా, ఇంత అరిచే నాకు కూడా కాళ్ళు, ఎవరు చెప్పారోగానీ, ముందు కక్కసు వైపే తిరుగుతాయి.