నా పేరు మీద వచ్చిన రాళ్ళు

కాదు, దాన్ని వేధించడం అనరు. రెండ్రోజులుగా మా డ్రైవర్ల ఫోను గ్రూపులో ఇదే గొడవ. ఈమధ్యే లైసెన్సు తీసుకున్న ఒకబ్బాయి, "మీ కాలంలో సీనియర్లు నేర్పిందేముంది, కొత్తవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేయడం తప్ప" అని పెట్టాడు. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఫోను ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది, మా ఆవిడ తిడుతూనే ఉంటుంది. జవాబు కొట్టబోతే కోపానికి అక్షరాలు తప్పాయి. ఆ చిన్న తెర మీద తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో, ఒక ఎండాకాలం మొదట్లో, హిందూపురంలోని ఒక లారీ ఆఫీసులో స్పేర్ డ్రైవరుగా చేరాను. స్పేర్ డ్రైవరంటే సొంత బండి లేనివాడు. ఏ డ్రైవరు సెలవు పెడితే ఆ రోజు వాడి బండి తోలాలి. మాది ధర్మవరం లైను. పోయేటప్పుడు చింతపండు, బెల్లం. వచ్చేటప్పుడు నూనె మిల్లులకు వేరుశనగ బస్తాలు. నేను హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్నతో పోట్లాడి, "చేతిలో సొంత బండి ఉన్నప్పుడే ఇంటికొస్తా" అని చెప్పి వచ్చినవాణ్ణి. అప్పుడు నాకు కోపం ముందు, బుద్ధి తర్వాత.

ఆఫీసుకు కొత్త బండి రాబోతోంది, బాడీ కడుతున్నారు. దాన్ని ఎవరి చేతికివ్వాలన్నది పేరుకు ఓనరు శెట్టిగారి నిర్ణయం. నిజానికి అది మస్తానన్న మాట మీద ఉంటుందని అందరికీ తెలుసు. మస్తానన్న మా లైనులో పెద్ద డ్రైవరు. ఆయన ఊఁ అంటే ఊఁ, లేదంటే నేను తలవంచుకుని హైదరాబాదు బస్సెక్కాలి.

చేరిన వారంలోనే తప్పు చేశాను. పెనుకొండ దగ్గర ఒక మిట్ట ఉంది. ఏ వైపు నుంచి వచ్చినా ఎక్కుడే. సగం ఎక్కేసరికి రేడియేటరు మరిగింది. బండి ఆపాం. క్లీనరు ఈరన్న వెనక చక్రాల కింద రెండు రాళ్ళు అడ్డం పెట్టాడు. ఎక్కుడులో ఆగిన లోడు బండి వెనక్కి జారకుండా ఎవరైనా చేసే పనే అది. నీళ్ళు పోసి, చల్లారాక మళ్ళీ కదిలించాను. రాళ్ళు తీయడానికి ఈరన్న వెనక్కి పరిగెత్తబోతే నేనే అరిచాను: "ఏయ్, ఎక్కు! మళ్ళీ ఆపితే ఎక్కదు ఇది!" రాళ్ళు రోడ్డు మీదే ఉండిపోయాయి. బండి పోయింది కదా, పని అయిపోయిందనుకున్నాను.

ధర్మవరం మార్కెట్టు పక్కన హోటల్లో భోంచేస్తున్నాను. మా వెనకే వచ్చిన మస్తానన్న తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, చంకలోంచి రెండు రాళ్ళు తీసి విస్తరి పక్కన పెట్టాడు.

"ఏమప్పా పట్నం, సామాన్లు మర్చిపోయి వస్తాండావే? మేం మోసుకు రావాల్నా?"

హోటలంతా నవ్వింది. నేను లేచి నిలబడ్డాను. "రాళ్ళేంది? నన్ను సతాయిస్తున్నరా?"

"కూర్చోప్పా, అన్నం చల్లారతాది," అన్నాడాయన. "ఆ రాయి మీద ఒక సైకిలోడు ఎక్కినాడనుకో. పడి కాలు ఇరగ్గొట్టుకుంటే వాని పెండ్లాం బిడ్డలకు నువ్వు చెప్తావా సమాధానం?"

కూర్చుని అన్నం కలుపుకున్నాను. కానీ కోపం పోలేదు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆ రోజు నుంచి ఆ లైనులో ఏ బండి వచ్చినా నా పేరు మీద ఒక రాయి దిగడం మొదలైంది. కాగితంలో చుట్టి, పురికొస కట్టి, పైన 'టు పే' అని రాసి మరీ. టు పే పార్సిల్ అంటే పంపినవాడు కాదు, అందుకున్నవాడు కిరాయి కట్టాలి. నా రాయికి కిరాయి ఒక టీ. చెన్నేకొత్తపల్లి నుంచి ఓబులేసు అనే డ్రైవరు తెచ్చినదైతే సొరకాయంత ఉంది.

"ఇది మీ హైదరాబాదులో దొరకదప్పా, జాగ్రత్త!" అన్నాడు వాడు, టీ ఊదుకుంటూ. టీ అయ్యేలోపు ఊరుకోకుండా ఒక మాట కూడా అంటించాడు: "మిట్ట మొదట్లోనే సెకండు గేరు ఎయ్యి. నడిమిట్లో గేరు మార్చేదానికి పోతే బండి నిన్నే మారుస్తాది."

ప్రతి రాయితోనూ అలా ఒక మాట వచ్చేది. మరిగిన రేడియేటరు మూత తడి గోతం వేసి కొంచెం కొంచెంగా తిప్పమని ఒకరు. ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగమని ఇంకొకరు. నేను పళ్ళు కొరుకుతూ విన్నాను. రాళ్ళు మాత్రం పారేయలేదు. ఒక గోతంలో దాచాను. ఎందుకంటే ఏదో ఒక రోజు అవన్నీ మస్తానన్న బండి ముందు కుప్ప పోయాలని నా పట్టుదల. స్పేర్ డ్రైవర్ని కాబట్టి బండి మారినప్పుడల్లా నా ట్రంకు పెట్టెతో పాటు ఆ గోతమూ మారేది. నాతోపాటే బండ్లు మారే ఈరన్న దాన్ని మోయలేక, "కోపం ఇంత బరువుంటాదని నాకు తెలీదప్పా," అనేవాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి తిరిగొస్తున్నాం. పెనుకొండ మిట్ట మీద, మాకు కొంచెం ముందు, మస్తానన్న బండి నిండా వేరుశనగ బస్తాలతో ఎక్కుతోంది. ఫట్‌మని శబ్దం వచ్చింది. బండి ఆగి, అంగుళం అంగుళం వెనక్కి జారింది. యాక్సిల్ తెగింది. ఆ రోజుల్లో మా బండ్ల హ్యాండ్ బ్రేకు ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టును పట్టేది. యాక్సిల్ తెగితే ఆ షాఫ్టుకూ చక్రాలకూ సంబంధం ఉండదు, హ్యాండ్ బ్రేకు లాగినా ఒకటే, లాగకపోయినా ఒకటే. మిగిలింది మస్తానన్న కుడికాలు. ఆ కాలు ఎత్తితే బండి లోయలోకో, మా మీదికో.

ఆయన క్లీనరు పక్కనున్న గుండ్రాయి ఒకటి దొర్లించి పెట్టాడు. అది చక్రం తగలగానే జారిపోయింది. మస్తానన్న కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు: "రేయ్ పట్నం! నీ బండి పక్కకు తీయరా, మీదికొస్తాది!"

బండి పక్కకు తీసి ఆపి, గోతం ఈడ్చుకుంటూ పరిగెత్తాను. గోతం కుమ్మరించాను. అప్పుడు చూశాను ఆ రాళ్ళను సరిగా. ఒక్కటీ గుండ్రంగా లేదు. అన్నీ ఒకవైపు పలచగా, ఇంకోవైపు మందంగా, చక్రం కిందికి కరెక్టుగా దూరేటట్టు ఉన్నాయి. ఎవడూ చేతికందిన రాయి పంపలేదు, ఏరి పంపారు. నేను, ఈరన్న వెనక చక్రాలన్నిటికీ బిగించాం. మస్తానన్న కాలు మెల్లగా ఎత్తాడు. బండి మూలిగి, నిలబడింది.

ఆయన దిగాడు. కాలు వణుకుతోంది. రాళ్ళను చూశాడు, నన్ను చూశాడు. "అన్నీ దాచుకున్యావా?" అన్నాడు, అంతే.

పెనుకొండ నుంచి మెకానిక్ కొత్త యాక్సిల్ తెచ్చి వేసేదాకా ఉన్నాం. ఆయన బండి కదిలి మిట్ట ఎక్కి మలుపు తిరిగింది. రోడ్డు మీద చూస్తే రాళ్ళన్నీ అక్కడే ఉన్నాయి!

ఆ రోజు నేను పడిన సంతోషం తర్వాత నా పెళ్ళిలో కూడా పడలేదు. ఒక్కటి వదలకుండా ఏరాం. హిందూపురం ఆఫీసులో శెట్టిగారి ఎదుటే మస్తానన్న కాళ్ళ దగ్గర గోతం దించాను.

"సామాన్లు మర్చిపోయినవన్నా. టు పే."

ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. ఆయన పెద్దరికం అలాంటిది. నా కొత్త బండి ఆ క్షణంలోనే పోయిందనుకున్నాను. మస్తానన్న గోతాన్ని కాలితో కదిపి చూసి, "రేయ్, పట్నమోనికి టీ చెప్పండి," అన్నాడు. తర్వాత ఓనరు వైపు తిరిగి, "శెట్టిగారూ, కొత్త బండి తాళం వీనికిచ్చేయండి. నన్నే ఇడిసిపెట్టనోడు, రోడ్డు మీద ఇంకేం ఇడిసిపెడతాడు?"

రాళ్ళు కావాలనే వదిలాడా, కాలి వణుకులో మర్చిపోయాడా అని చాలాసార్లు అడిగాను. "నీకు టీ దక్కింది గదప్పా," అనేవాడు.

రోడ్డు మీద పెట్టినదాన్ని తీసినాకే బండి కదిలినట్టు లెక్క. రిటైరయ్యే దాకా ఈ పద్ధతి తప్పలేదు. లైసెన్సు ఇచ్చినప్పుడు నాకు ఇది ఎవరూ చెప్పలేదు. ఇంతకీ గ్రూపులో చప్పట్లు కొట్టిన మీకందరికీ ఒకటే ప్రశ్న: మొన్న ఎక్కుడులో మీ బండి ఆగినప్పుడు పెట్టిన రాయి, ఇప్పుడు యాడుండాది?